హంపీ క్షేత్ర సందర్శనము – నిత్యదీపారాధన మహిమ

  

పరమేశ్వరుని అనుగ్రహము వలన నేడు మనమందరము ఈ సన్నిధిలో మరల కలిసికొన్నాము. గడచిన కార్తీక మాసములో మా భక్తబృందము హంపీ క్షేత్రమును దర్శించి వచ్చిన సంగతి మీలో చాలమందికి తెలియును. అక్కడ మేము ఏమి చూచినాము, ఏమి నేర్చుకొన్నాము అని నాటినుండి పలువురు అడుగుచున్నారు. కాశీకి వెళ్ళివచ్చినవారు గంగాజలము తెత్తురు. తిరుమలకు వెళ్ళివచ్చినవారు ప్రసాదము తెత్తురు. “పాడుపడిన ఊరికి వెళ్ళి మీరేమి తెచ్చినారండీ?” అని ఒక పెద్దమనిషి నవ్వుచు ప్రశ్నించినాడు. ఆయన నవ్వినను, ఆ ప్రశ్న మంచిదే. దానికి సమాధానము చెప్పుటకే నేటి ఈ ఉపన్యాసము.

పంపాక్షేత్రము

హంపీ కర్ణాటక రాష్ట్రములో, తుంగభద్రా నదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది. పూర్వము బళ్ళారి జిల్లాలో ఉండెడిది. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో ఇప్పుడు చేరినది. హోసపేట నుండి సుమారు 13 కిలోమీటర్ల దూరము. దారి పొడుగునను చెరకు తోటలు, అరటి తోటలు, వాటి నడుమ ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న పెనుబండల గుట్టలు కనిపించును. ఆ బండలను చూడగానే మా బృందములోని తల్లులు, “వానరులు విసరిన రాళ్ళు ఇవే కాబోలు” అని చేతులు జోడించినారు.

వారి మాటలో సంప్రదాయ బలమున్నది. ఈ ప్రాంతమునే కిష్కింధ అని పెద్దలు చెప్పుదురు. నదికి ఆవలి ఒడ్డున ఆనెగొంది, దాని చెంత ఆంజనేయుడు జన్మించినాడని భక్తులు కొలుచు అంజనాద్రి, పంపా సరోవరము ఉన్నవి. ఈవలి ఒడ్డున మతంగ పర్వతము, మాల్యవంతము ఉన్నవి. సీతమ్మను వెదకుచు వచ్చిన రామచంద్రుడు వానకాలము నాలుగు మాసములు మాల్యవంతము మీదనే గడపినాడని ప్రతీతి. ఆ కొండమీద రఘునాథస్వామి ఆలయములో నేటికిని పూజలు జరుగుచున్నవి. రామాయణ పారాయణము వినిపించుచుండును.

పంపాదేవి తపస్సు చేసి పరమశివుని పతిగా పొందిన చోటు గనుక ఇది పంపాక్షేత్రము. పూర్వపు “ప”కారము కన్నడములో “హ”కారముగా మారినందున పంప హంపె అయినది, మనము హంపీ అనుచున్నాము. ఆమె పతి పంపాపతి, విరూపాక్షుడు. ఇక్కడ ఒక సంగతిని మనము బాగుగా గుర్తుంచుకొనవలెను. విజయనగరము పుట్టుటకు ఎంతో పూర్వమే ఇక్కడ విరూపాక్షుడు ఉన్నాడు, ఆయనకు పూజ ఉన్నది. రాజులు తరువాత వచ్చినారు. స్వామి ఉన్నచోటికి రాజ్యము వచ్చి చేరినది.

రాజధానీ నగరము

విద్యారణ్యస్వామి ఆశీర్వాదముతో హరిహరరాయలు, బుక్కరాయలు అను సోదరులు 1336లో ఈ నగరమును స్థాపించినారని ప్రసిద్ధి. సంగమ, సాళువ, తుళువ వంశముల రాజులు ఇక్కడినుండి రాజ్యము చేసినారు. వారు తమ దానశాసనముల చివర సొంత పేరు వ్రాయక “శ్రీ విరూపాక్ష” అని చేవ్రాలు చేసెడివారు. రాజ్యము స్వామిది, తాము ఆయన పక్షమున పాలించువారము అని దాని భావము. మన ఇండ్లలో ఆస్తి కాగితములపై సంతకము చేయునప్పుడు ఈ మాట ఒక్కసారి తలచుకొన్నచో ఎన్ని తగవులు తగ్గునో మీరే ఆలోచింపుడు.

1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, 1520 ప్రాంతమున పోర్చుగీసు దేశపు డొమింగో పేస్ ఈ నగరమును కన్నులార చూచి వర్ణించినారు. రోము నగరమంత పెద్దదిగా తనకు కనిపించినదని పేస్ వ్రాసినాడు. అట్టి నగరములో నేడు రాజుల నివాసములు ఎట్లున్నవో చూడవలెనని మేము రాజప్రాసాద ప్రాంగణమునకు వెళ్ళినాము. అక్కడ మిగిలినవి రాతి అరుగులు మాత్రమే. వాటిపై నిలిచిన కొయ్య స్తంభములు, చెక్క పైకప్పులు, బంగారు పూతలు అన్నియు పోయినవి. ఇది ఫలానా రాణి మందిరమని, ఇది సభామండపమని చెప్పుచుండగా మేము చూచుచున్నది గడ్డి మొలచిన రాతి పునాదులను.

మహానవమి దిబ్బ మాత్రము గంభీరముగా నిలిచియున్నది. అంతస్తులుగా కట్టిన ఈ రాతి వేదిక గోడల నిండ ఏనుగులు, గుఱ్ఱములు, నర్తకీమణులు, వేటగాండ్రు చెక్కబడియున్నారు. నవరాత్రుల తొమ్మిది దినములు రాజు ఇక్కడ అమ్మవారి పూజ గావించి, సేనలను, సామంతులను చూచెడివాడు. ఆ ఉత్సవ సంప్రదాయమునే తరువాత 1610లో శ్రీరంగపట్టణమున ఒడయరులు అందుకొన్నారు. అదియే నేటి మైసూరు దసరాకు మూలము. వేదిక మీది సింహాసనము పోయినది, అమ్మవారి నవరాత్రి పూజ మాత్రము వేరొకచోట కొనసాగినది.

దాని చెంతనే 1980లలో జరిగిన తవ్వకములలో బయల్పడిన పుష్కరిణి ఉన్నది. నల్లరాతి మెట్లు కోణము తప్పకుండ దిగుచు లోపలికి పోవును. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో ఉండవలెనో తెలియుటకు శిల్పులు రాళ్ళపై గుర్తులు చెక్కినారు. ఆ గుర్తులు నేటికిని కనిపించుచున్నవి. తమ పేర్లు చెక్కుకొనక, రాయి స్థానమును మాత్రమే చెక్కిన ఆ పనివాండ్రకు మేము మనసులో నమస్కరించినాము.

సమీపముననే హజార రామాలయము కలదు. పూర్వము రాజప్రాసాదపు ముంగిటి చావడిని తెలుగులో హజారము అనెడివారు. ఆ పేరే దీనికి వచ్చినదని పండితుల అభిప్రాయము. గోడలపై రామాయణ గాథ వరుసగా చెక్కబడియున్నది. ఋశ్యశృంగుని కథ మొదలు పట్టాభిషేకము వరకు చదువు రానివాడు సైతము చూచి తెలిసికొనవచ్చును. కిష్కింధలోనే కిష్కింధ కథను రాతిలో చదువుట ఎంతటి భాగ్యము! అయినను లోపల గర్భాలయము శూన్యము.

ఇంతటి నగరము ఎట్లు కూలినది?

1565 జనవరిలో కృష్ణానదీ ప్రాంతమున, తళ్ళికోట యుద్ధమని, రక్కసి తంగడి యుద్ధమని పిలువబడు ఘోర సంగ్రామము జరిగినది. బిజాపూరు, అహమద్‌నగరు, గోలకొండ, బీదరు సుల్తానులు ఏకమై వచ్చినారు. వృద్ధుడైన అళియ రామరాయలు యుద్ధభూమిలో పట్టుబడి శిరచ్ఛేదనమునకు గురి అయినాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, రాజైన సదాశివరాయలను, ధనరాశులను ఏనుగులపై ఎక్కించుకొని మన పెనుకొండకు తరలిపోయినాడు. కాపు లేని నగరము నెలల తరబడి దోపిడికి, దహనమునకు లోనైనది.

ఈ కథ విన్నప్పుడు మా బృందములోని యువకులకు ఆగ్రహము కలిగినది. కలుగుట సహజము. అయితే పెద్దలు చెప్పు పూర్తి కథలో మన తప్పు సైతము ఉన్నది. నాడు సింహాసనముపై ఉన్న సదాశివరాయలు పేరునకే రాజు; అధికారమంతయు రామరాయల చేతిలో ఉండెడిది. సుల్తానుల తగవులలో ఒకసారి ఒకరి పక్షమున, మరియొకసారి వేరొకరి పక్షమున చేరి ఆయన అందరి పగను మూటగట్టుకొన్నాడు. ఆపద వచ్చినప్పుడు ఆ పగయే వారిని ఏకము చేసినది. “శ్రీ విరూపాక్ష” అని చేవ్రాలు చేసిన వినయము స్థానమున తన నేర్పుపై అతివిశ్వాసము చేరినప్పుడు ఎంతటి కోటకైనను బీట పడును. కోపమును ఇంటికి తెచ్చుకొనుట సులభము. ఈ పాఠమును తెచ్చుకొనుట కష్టము. మనకు రెండవదియే మేలు చేయును.

శూన్యమైన గర్భాలయము

ఇప్పుడు ఈ యాత్రలో మా మనసులను కదలించిన సంఘటనను విన్నవించుచున్నాము.

మా బృందములో డెబ్బది ఏండ్లు దాటిన ఒక తల్లి ఉన్నది. ఆమె భర్త జీవించియున్నంత కాలము పాండురంగ భక్తుడు. హంపీలో విఠ్ఠలస్వామి ఆలయమున్నదని, ఎప్పటికైనను ఆమెను తీసికొని వెళ్ళుదునని ఆయన చెప్పుచుండెడివాడట. ఆయన పోయినాడు, మాట మిగిలినది. ఆ తల్లి ముందురోజు రాత్రి హోసపేట సత్రములో కూర్చుండి, ఊరినుండి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొన్న తులసితో మాల కట్టినది. కొబ్బరికాయ ఒకటి, ఇంటిలో చేసిన అటుకుల ప్రసాదము కొంత సంచిలో పెట్టుకొన్నది. అక్కడ ఏమున్నదో మాలో కొందరికి తెలియును. ఆమెకు ముందుగా చెప్పుటకు నోరు రాలేదు. అది మేము చేసిన పొరపాటు.

ఉదయమున విఠ్ఠలాలయము చేరినాము. ప్రాంగణములో ప్రసిద్ధమైన రాతి రథము ఉన్నది. అది నిజమునకు రథాకృతిలో కట్టిన గరుడాలయము. బృందములోని పిల్లలు తమ వద్దనున్న ఏబది రూపాయల నోటు తీసి, దానిమీది బొమ్మను, ఎదుటనున్న రథమును పోల్చి చూచి సంబరపడినారు. శ్రీకృష్ణదేవరాయల దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి 1513లో ఇక్కడ గోపురములు కట్టించినారు. 1516లో నూరు స్తంభముల మండపము లేచినది. సదాశివరాయల కాలమున, 1554లో, స్వామివారి ఊయల ఉత్సవమునకు మండపము నిర్మించినారు. మహామండపములోని రాతి స్తంభములు తట్టినచో సప్తస్వరములు పలుకునని లోకప్రసిద్ధి. ఎందరో తట్టి తట్టి పాడుచేసినందున వాటిని తాకరాదని ఇప్పుడు కట్టడి చేసినారు; అది సముచితమే.

ఆ తల్లికి ఇవేవియు కనిపించలేదు. తిన్నగా గర్భాలయ ద్వారము వద్దకు వెళ్ళినది. లోపల చీకటి. స్వామి లేడు. దీపము లేదు. ఆమె కొంతసేపు తలుపుకమ్మి పట్టుకొని లోపలికి చూచుచు నిలుచున్నది.

“నాయనా, స్వామి ఏడి?” అని మమ్ములను అడిగినది.

పండరీపురము నుండి స్వామిని రాయలవారు ఇక్కడికి తెచ్చినారని, భానుదాసు అను భక్తుడు మరల తీసికొనిపోయినాడని మహారాష్ట్ర భక్తులు చెప్పుకొను గాథను ఆమెకు వినిపించినాము. ఆమె తల ఊపినది గాని మాట్లాడలేదు. అక్కడ కొబ్బరికాయ కొట్టరాదని, కర్పూరము వెలిగించరాదని కావలివాడు మర్యాదగా చెప్పినాడు. ఆమె మెట్టుమీద కూర్చుండి, మాలను ఒడిలో పెట్టుకొని కన్నీరు కార్చినది. అయినను లేచునప్పుడు ఆ శూన్యమైన ద్వారమునకు తల ఆనించి మ్రొక్కినది.

పదేండ్ల బాలుడొకడు ఇది చూచి, “లోపల స్వామి లేడు కదా, బామ్మ ఎవరికి దండం పెట్టింది?” అని మమ్ములను అడిగినాడు. దేహమే దేవాలయమని, భగవంతుడు సర్వవ్యాపి అని, భక్తుని భావమే ప్రధానమని మేము శాస్త్రము చెప్పబోయినాము. అంతలో ఆ తల్లియే మాట్లాడినది.

“ఒరే నాయనా! మా ఊళ్ళో రామాలయం ఉంది. లోపల స్వామి ఉన్నాడు, అమ్మవారు ఉంది. పూజారి కుటుంబం పట్నం పోయాక అక్కడ దీపం పెట్టి ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. నేను ఆ వీధినే పాలకు వెళతాను. తాళం చూసి దాటిపోతాను. ఉన్న స్వామికి నూనెచుక్క వెయ్యనిదాన్ని, లేని స్వామి కోసం ఇంత దూరం వచ్చి ఏడుస్తున్నాను. అందుకే తప్పయిందని దండం పెట్టాను.”

భక్తులారా! ఆ మాట విన్న తరువాత మాలో ఎవ్వరికిని మాట పెగలలేదు. ఏలయనగా మాలో ప్రతివారికి అట్టి తాళము వేసిన గుడి ఒకటి సొంత ఊరిలో ఉన్నది.

నిలిచిన దీపము

విఠ్ఠలాలయము నుండి నది ఒడ్డున కాలిబాట కలదు. ఆ దారిని వచ్చుచుండగా ఒక ప్రక్కన అచ్యుతరాయల ఆలయము కనిపించును. 1534లో తిరువేంగళనాథునికి, అనగా మన వేంకటేశ్వరునికే, అది అంకితమైనది. దాని ముందు విశాలమైన అంగడి వీధి; ఇరువైపుల రాతి మండపముల వరుస. ఆలయమున స్వామి లేడు, వీధిలో జనము లేరు. మరికొంత దూరము నడచితిమి. చక్రతీర్థము వద్ద, నదిలోనికి చొచ్చినట్లున్న చిన్న ఆలయము ముందు గంట వినిపించినది. అది కోదండరామాలయము. లోపల సీతారామలక్ష్మణులు నిండుగా ఉన్నారు. దీపము వెలుగుచున్నది. అర్చకుడు తీర్థపు గిన్నెతో నిలిచియున్నాడు.

ఆ తల్లి తులసిమాలను అక్కడ సమర్పించినది. కొబ్బరికాయ అక్కడ కొట్టినది. అటుకులు అందరికి పంచినది. రాముడైన నేమి, విఠలుడైన నేమి, స్వామి ఒక్కడే కదా! దానికి పైభాగముననే వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిన యంత్రోద్ధారక ఆంజనేయస్వామి ఆలయము కలదు. అక్కడను నిత్యపూజ ఉన్నది.

సాయంకాలమునకు విరూపాక్షుని సన్నిధి చేరినాము. తూర్పున తొమ్మిది అంతస్తుల గోపురము సుమారు 50 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. లోపలి రాయగోపురమును, రంగమండపమును శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున 1510లో కట్టించినాడు. మండపము కప్పుపై విద్యారణ్యస్వామి పల్లకిలో సాగుచున్న చిత్రము కలదు. వెనుక భాగమున ఒక చీకటి గదిలో, గోడనున్న చిన్న సందు గుండ వెలుతురు వచ్చి, గోపురపు నీడ తలక్రిందులుగా ఎదుటి గోడపై పడును. పిల్లలు దానిని చూచి ఆశ్చర్యపడినారు. పెద్దలము మేము హారతి చూచి కన్నులకద్దుకొన్నాము.

ఈ ఆలయములో చూడవలసిన అద్భుతమేమనగా, 1565 తరువాత రాజు లేడు, సైన్యము లేదు, కానుకలు పంపు సామంతులు లేరు. అయినను ఇక్కడ విరూపాక్ష పంపాదేవుల ఆరాధన తెగిపోలేదు. చుట్టుప్రక్కల పల్లెల జనము రాకపోకలు మానలేదు. నేటికిని మార్గశిర పుష్య మాసముల కాలమున, డిసెంబరులో, ఫలపూజ పేరిట పంపా విరూపాక్షులకు నిశ్చితార్థము జరుగును. చైత్రములో కళ్యాణము, రథోత్సవము జరుగును. మహారాజు కట్టించిన విఠ్ఠలాలయము, కృష్ణాలయము మూగవోయినవి. రాజ్యము రాకముందే ప్రజలు కొలుచుకొన్న స్వామి సన్నిధి మాత్రము మ్రోగుచున్నది.

కృష్ణాలయమును గూర్చి ఒక మాట చెప్పవలెను. మన నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గమును జయించిన రాయలవారు అక్కడి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి, ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించినారు. ఎంతో వైభవముగా శాసనము వ్రాయించినారు. నేడు ఆ విగ్రహము చెన్నైలోని మ్యూజియములో ఉన్నది, గర్భాలయము ఖాళీ. కొద్ది దూరములో 1528లో ఏకశిలపై చెక్కించిన లక్ష్మీనరసింహుడు 6.7 మీటర్ల ఎత్తున కూర్చుండియున్నాడు. తొడమీది అమ్మవారి విగ్రహము భిన్నమైపోయినది. స్వామిని కౌగిలించుకొన్న ఆమె చేయి మాత్రము ఆయన వెనుక మిగిలినది. అక్కడ మా బృందమంతయు చాలసేపు మౌనముగా నిలుచున్నది.

హేమకూటపు వాలులో ఆవగింజ గణపతి, అనగా కన్నడములో సాసివెకాళు గణపతి ఉన్నాడు. దీనిని కట్టించినవాడు రాజు కాడు. మన చంద్రగిరికి చెందిన ఒక వర్తకుడు, మరణించిన సాళువ వంశపు రెండవ నరసింహరాయల జ్ఞాపకార్థము 1506లో కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. ఒక సామాన్యుడు తన సంపాదనతో ఇంతదూరము వచ్చి చేసిన సేవ అది.

మరియొకటి నిలిచినది. రాయల కాలమున తుంగభద్ర నుండి త్రవ్విన కాలువలలో కొన్ని నేటికిని పారుచున్నవి. తుర్తు కాలువ నీటితోనే శిథిలముల నడుమ వరి, అరటి పండుచున్నవి. రాణివాసములు మట్టిలో కలిసినవి. రైతు పొలమునకు పెట్టిన నీరు మాత్రము ఆగలేదు.

ఇంతకును శ్రీకృష్ణదేవరాయలు నేడు ఎక్కడ ఉన్నాడు? ఆయన కొలువు తీర్చిన భవనము లేదు, సింహాసనము లేదు. కాని తిరుమలకు వెళ్ళి మహాద్వారము దాటి చూడుడు. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువైపుల ఉండగా, రాయలవారు చేతులు జోడించుకొని లోహమూర్తియై నిలిచియున్నాడు. రోజును వేలాది భక్తులు ఆయన ముందునుండి పోవుదురు. చక్రవర్తిగా కూర్చున్న చోటు పోయినది. దాసుడై నిలిచిన చోటు ఉన్నది.

దీపము పెట్టు విధము

పూర్వులు దేవాలయములకు చేసిన దానములలో అఖండదీపమునకు గొప్ప స్థానము కలదు. మన ద్రాక్షారామము మొదలైన ఆలయముల శాసనములు చూచినచో ఆ ఏర్పాటు తెలియును. దాత కొన్ని గొఱ్ఱెలనో, ఆవులనో ఆలయమునకు ఇచ్చును. వాటిని ఒక కాపరికి అప్పగింతురు. ఆ కాపరి మందను కాపాడుకొనుచు, దినమునకు ఇంత నెయ్యి అని కొలతగా దీపమునకు పోయవలెను. అతని తరువాత అతని సంతతి ఆ బాధ్యతను మోయవలెను. ఇందులో దాత ఇచ్చునది ఒక్కనాటి కానుక. కాపరి చేయునది దినదిన సేవ. రెండును కలిసినగాని దీపము వెలుగదు. దాతలు నేటికిని కలరు. గోపురమునకు రంగు వేయించువారు, ఫలకముపై పేరు చెక్కించుకొనువారు కలరు. మనకు కొరవడినది ఆ కాపరి వంటివారు.

మేము తిరిగివచ్చిన తరువాత ఆ తల్లి ఊరక కూర్చుండలేదు. తన వీధిలోని ఇల్లిల్లు తిరిగినది. ఏడు ఇండ్లవారు ముందుకు వచ్చినారు. వారములో ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంటివారిది. ఆదివారము వారు, సోమవారము వీరు అని పంచుకొన్నారు. ఆ ఇంటివారు ఆనాడు గుడి ఊడ్చి, నీరు చల్లి, నూనె పోసి దీపము పెట్టవలెను. ప్రక్క ఊరి అర్చకుడు శనివారము వచ్చి అర్చన చేయుటకు ఒప్పుకొన్నాడు. పెద్ద ఖర్చు లేదు, చందా పుస్తకము లేదు. మొదట తాళము తీసినప్పుడు లోపలినుండి గబ్బిలములు వచ్చినవట. స్వామి పట్టువస్త్రము చేతికి తగులగానే పొడియై రాలినదట. ఇది చెప్పుచు ఆమె మరల కంటనీరు పెట్టుకొన్నది. హంపీ శిథిలమగుటకు శత్రుసేన రావలసివచ్చినది. మన ఊరి గుడి శిథిలమగుటకు మన మరపు ఒక్కటే చాలినది.

హంపీకి వెళ్ళువారికి మా మనవి

మీరును కుటుంబ సమేతముగా హంపీ యాత్ర చేయుడు. కార్తీకము మొదలు మాఘము వరకు ఎండ తక్కువ. తరువాత బండలు నిప్పులు చెరగును. వెళ్ళకముందు ఇంటిలో కిష్కింధాకాండ ఒక్కసారి చదువుకొనుడు. కొండలు, గుహలు మీతో మాట్లాడును. యాత్రను విరూపాక్ష దర్శనముతో ఆరంభింపుడు. కనీసము రెండు దినములు ఉంచుకొనుడు. పెద్దలతో వెళ్ళినచో ఏ ఆలయములో పూజ ఉన్నది, ఎక్కడ లేదు అని ముందే చెప్పుడు. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

ఈ క్షేత్రమును 1986లో ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించినారు. రాళ్ళపై పేర్లు వ్రాయుట, స్తంభములను తట్టుట, శిల్పముల మీద ఎక్కి ఫొటోలు తీసికొనుట మహాపరాధము. 2019లో కొందరు యువకులు వినోదమునకు ఒక ఆలయ ప్రాంగణములోని స్తంభమును పడద్రోసినారు. న్యాయస్థానము వారికి జరిమానా విధించి, ఆ స్తంభమును వారిచేతనే మరల నిలబెట్టించినది. 1565లో కూల్చినవారిని నిందించు మనము, నేడు మన పిల్లల చేతులను అదుపులో పెట్టలేకున్నచో ఆ నిందకు అర్థమేమి? 2024 మే నెలలో వానలకు విరూపాక్షాలయము ముందరి రాతి మండపములలో కొంతభాగము కూలినది. రాయి శాశ్వతమని అనుకొనరాదు. దానికిని కాపు కావలెను.

పూజ లేని ఆలయములలో కర్పూరము వెలిగింపక, కుంకుమ పూయక, మనసులోనే నామస్మరణ చేయుడు. సమర్పింపదలచిన పూలు, పండ్లు పూజ జరుగు సన్నిధులలో సమర్పింపుడు. అక్కడి దీపమునకు నూనె ఇండు.

ఉపసంహారము

పాడుపడిన ఊరికి వెళ్ళి ఏమి తెచ్చినారని అడిగిన పెద్దమనిషికి ఇప్పుడు మా సమాధానము ఇది. అయ్యా, మేము ఒక తాళపుచెవిని తెచ్చుకొన్నాము. మా ఊరిలో మూసియున్న గుడి తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో కనుగొనవలెనను బుద్ధి తెచ్చుకొన్నాము. మా బృందములో నలుగురు ఆ తల్లివలెనే తమ ఊళ్ళలో వంతులు ఏర్పరచుకొన్నారు. మిగిలినవారము ఇంకను ప్రయత్నములో ఉన్నాము. కొందరి ఊళ్ళలో తగవులు ఉన్నవి. కొందరి ఊళ్ళలో జనమే లేరు. అయినను ప్రయత్నము మానలేదు.

ఈ సభకు వచ్చిన మీరు ఇంటికి వెళ్ళి ఒక్క ప్రశ్న వేసికొనుడు. నేను పుట్టిన ఊరి గుడిలో ఈ రాత్రి దీపము వెలుగుచున్నదా? వెలుగుచున్నచో దానిని పెట్టుచున్నవారికి రేపు ఉదయమున ఒక నమస్కారము చేయుడు. వెలుగకున్నచో ఈ కార్తీకము వరకు ఆగవద్దు.

పంపా విరూపాక్షుల కరుణాకటాక్షము మన ఇండ్లపైనను, మన గ్రామములపైనను, నిత్యము దీపము పెట్టు చేతులపైనను ప్రసరించుగాక!

శుభం భూయాత్. స్వస్తి.